దాయాదుల హత్య కేసులో నిందితులు విడుదలైతే హైకోర్టులో అప్పీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గట్టు దగ్గర మొదలై, బోరు నీళ్ల దగ్గర ముదిరి, చివరికి ప్రాణం తీసిన పాలోళ్ల తగాదాలు చిత్తూరు, తిరుపతి కోర్టులకు కొత్త కాదు. అలాంటి హత్య కేసును సెషన్స్ కోర్టు కొట్టేసినప్పుడు చనిపోయినవారి ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. ఇప్పుడు కోర్టుల్లో పాత చట్టం, కొత్త చట్టం రెండూ వినిపిస్తున్నాయి కాబట్టి సెక్షన్ నంబర్లు రెండూ రాశాం.

కేసు కొట్టేశారు. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు. 2019 జనవరి 1న ఏర్పడిన మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలోని నేలపాడులో ఉంది. హత్య కేసు అప్పీలును అక్కడ ఇద్దరు జడ్జీల బెంచ్ వింటుంది.

అప్పీలుకు రెండు దారులున్నాయి. ఒకటి ప్రభుత్వం వేసేది: పాత సి.ఆర్.పి.సి. (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో సెక్షన్ 378, కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 419. రెండోది బాధితులు సొంతంగా వేసేది: పాత సెక్షన్ 372 కింద ఉన్న మినహాయింపు, కొత్తదానిలో 413 కింద ఉన్నది. రెండూ వేయవచ్చు. రెండూ పడితే హైకోర్టు కలిపే వింటుంది.

ప్రభుత్వం వేయకపోయినా మేం వేయొచ్చా?

వేయవచ్చు. ఈ హక్కు 2009 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. నేరం ఎప్పుడు జరిగినా, విడుదల తీర్పు ఆ తేదీ తర్వాత వచ్చి ఉంటే చాలు. ప్రభుత్వానికి లేని ఒక వెసులుబాటు కూడా మీకు ఉంది. ప్రభుత్వం ముందు 'లీవ్' పిటిషన్ వేసి హైకోర్టు అనుమతి తెచ్చుకోవాలి. బాధితులకు ఆ అనుమతి అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి అక్కర్లేదు కదా అని అప్పీలు దానంతటదే విచారణకు వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. మొదటి రోజే పస లేదనిపిస్తే కొట్టేసే అధికారం హైకోర్టుకు ఉంది.

ఇంట్లో ఎవరి పేరు మీద వేయాలి?

చట్టప్రకారం వారసులు కూడా 'బాధితుల' కిందికే వస్తారు. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరైనా వేయవచ్చు. ఫిర్యాదు ఇచ్చింది చిన్నాన్న కొడుకైనా, అప్పీలు భార్య పేరు మీదో, తల్లి పేరు మీదో వేయడమే మంచిది. బంధుత్వం గురించి ప్రశ్న రాదు, ఉచిత న్యాయ సహాయం కూడా తేలిగ్గా దొరుకుతుంది. వీలైతే ఇద్దరి పేర్లు కలిపి వేయండి, ఒకరికి ఏమైనా ఇంకొకరు ఉంటారు. అప్పీలు వేసినవారు మధ్యలో చనిపోతే వారసులు దాన్ని కొనసాగించవచ్చని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎన్ని రోజుల్లో వేయాలి?

ప్రభుత్వానికి 90 రోజులు. బాధితుల అప్పీలుకు చట్టంలో విడిగా గడువు రాయలేదు. వేర్వేరు హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి. కాబట్టి 60 రోజులే అనుకుని పని చేసుకోవాలి. 90 అనుకుని 85వ రోజున వెళ్తే, ఆలస్యం ఎందుకైందో చెప్పుకునే పిటిషన్ కూడా తోడవుతుంది.

లెక్క ఇలా కట్టాలి. తీర్పు మార్చి 3న వచ్చిందనుకోండి. ఆ రోజును లెక్కలోకి తీసుకోరు. మార్చి 4 నుంచి 60 రోజులంటే మే 2. తీర్పు కాపీ కోసం మార్చి 10న అర్జీ పెట్టారు, మార్చి 28న కాపీ సిద్ధమైంది. ఆ 19 రోజులు మీ ఖాతాలోంచి పోవు. అంటే గడువు మే 21. ఆ రోజు హైకోర్టుకు వేసవి సెలవులైతే, కోర్టు తెరిచిన మొదటి రోజున వేసినా గడువులో వేసినట్టే.

ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బతింటారు. కాపీ అర్జీ పెట్టడమే ఆలస్యం చేస్తారు. తీర్పు వచ్చిన 50వ రోజున అర్జీ పెడితే, అంతకుముందు గడిచిన 50 రోజులు ఎవరూ తిరిగి ఇవ్వరు. కాపీ సిద్ధమయ్యాక తీసుకోవడానికి పది రోజులు పోకపోతే ఆ పది రోజులు కూడా మీ గడువులోంచే పోతాయి.

గడువు దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్య మాఫీ పిటిషన్ వేయాలి. 'మాకు తెలియదు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎందుకు ఆగారో, ఆస్పత్రి చీటీ, ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీ రశీదు లాంటి కాగితాలతో చూపించాలి.

తీర్పు కాపీ ఎలా తెచ్చుకోవాలి? ఆన్‌లైన్‌లో దించుకున్నది పనికిరాదా?

చదువుకోవడానికి పనికొస్తుంది. అప్పీలుకు జత చేయడానికి కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీయే కావాలి. శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ ఉచితంగా ఇస్తారు. బాధితులు కాపీ అర్జీ పెట్టి, ఖర్చు కట్టి తీసుకోవాలి. ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు, పోలీస్ స్టేషన్ క్రైమ్ నంబరు, తీర్పు తేదీ దగ్గర పెట్టుకుని వెళ్లండి. ఎస్.సి. నంబరు గుర్తులేకపోతే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతో ఈ-కోర్ట్స్‌లో వెతకవచ్చు.

కాపీ చేతికి వచ్చాక దాని మీది ముద్ర చూడండి. అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు ఇచ్చిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ వరసగా ఉంటాయి. హైకోర్టు ఆఫీసు గడువు లెక్క కట్టేది ఆ వరస చూసే. స్టాంపులు అడిగాక వారం ఆగి ఇస్తే ఆ వారం మీ తప్పు కిందికే వస్తుంది. తేదీల్లో ఏదైనా పొరపాటు కనిపిస్తే అక్కడికక్కడే దిద్దించుకోండి, నేలపాడు నుంచి మళ్లీ చిత్తూరుకు తిరగడం కంటే అది సులువు.

తీర్పుతో పాటు సాక్షుల వాంగ్మూలాలు, ఫిర్యాదు, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, గాయాల సర్టిఫికెట్లు, ల్యాబ్ నివేదిక కాపీలకూ ఒకేసారి అర్జీ పెట్టండి. తెలుగులో ఉన్న ఫిర్యాదు, పంచనామాలను హైకోర్టు కోసం ఇంగ్లీషులోకి తర్జుమా చేయించాలి. ఆ పని పైపైన చేస్తే ముప్పు. 'గొడ్డలి మాదిరిది' అన్నది 'గొడ్డలి' అయిపోతే, సాక్షి మాట మార్చాడని అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు.

ప్రభుత్వం చేత అప్పీలు వేయించాలంటే ఎవరిని కలవాలి?

కేసు నడిపిన పి.పి.ని (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ వకీలు), దర్యాప్తు చేసిన పోలీసు అధికారిని. తీర్పు మీద అప్పీలుకు వెళ్లవచ్చా లేదా అన్న పి.పి. అభిప్రాయం, పోలీసుల నివేదిక పైకి వెళ్తాయి. ప్రభుత్వం ఆదేశిస్తేనే హైకోర్టులోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పీలు వేస్తారు. జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి. అర్జీలో ఏడుపు కంటే కారణాలు ఎక్కువ ఉండాలి: తీర్పులో ఫలానా పేరా ఎందుకు తప్పో, దానికి రికార్డులో జవాబు ఎక్కడుందో.

ప్రభుత్వ ఫైలు కదులుతుందని చూస్తూ మీ గడువు పోగొట్టుకోకండి. మీ అప్పీలు మీరు వేసేయండి, తర్వాత ప్రభుత్వానిది వచ్చి కలుస్తుంది.

చంపింది వాళ్లేనని ఊరంతటికీ తెలుసు. హైకోర్టు అది చూడదా?

ఈ పేజీలో మిగతావన్నీ వదిలేసినా ఈ జవాబు ఒక్కటి చదవండి. హైకోర్టు ముందున్న ప్రశ్న 'వీళ్లు చంపారా' అన్నది కాదు. 'ఈ రికార్డు చూసి ఏ జడ్జి అయినా ఇలా నమ్మకపోవడానికి వీలుందా' అన్నది. రెండింటికీ చాలా తేడా ఉంది.

నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అన్న సూత్రం ఎలాగూ ఉంది. కేసు కొట్టేశాక అది రెట్టింపు బలపడుతుంది. సాక్ష్యం మొత్తాన్ని మళ్లీ తూచే పూర్తి అధికారం హైకోర్టుకు ఉందని 1934లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టు) షియో స్వరూప్ కేసులో చెప్పింది. ఆ అధికారాన్ని ఎంత జాగ్రత్తగా వాడాలో 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు అయిదు సూత్రాలుగా కూర్చింది. వాటిలో మీకు అడ్డొచ్చేది చివరిది: ఒకే సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు తావుంటే, కింది కోర్టు తీసుకున్న అభిప్రాయాన్ని కదపకూడదు.

కాబట్టి 'మా అభిప్రాయమే మేలు' అని వాదించి లాభం లేదు. కింది కోర్టు అభిప్రాయం నిలవనే నిలవదని చూపించాలి. ముఖ్యమైన సాక్ష్యాన్ని అసలు చూడకపోవడం, రికార్డులో లేనిది ఉందనుకోవడం, చట్టాన్ని తప్పుగా అన్వయించడం, చిన్న తేడాను కొండంత చేయడం, ఊహ మీద అనుమానం పుట్టించుకోవడం లాంటివి కావాలి.

పని మొదలుపెట్టే పద్ధతి ఒకటి చెబుతాం. తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో తీర్పు పేరా నంబరు. రెండో గడిలో ఆ పేరాలో జడ్జి ఇచ్చిన కారణం, ఒక్క వాక్యంలో. మూడో గడిలో దానికి రికార్డులో ఉన్న జవాబు: ఏ సాక్షి, ఏ పేజీ. మూడో గడి ఖాళీగా మిగిలిన కారణాలు రెండు మూడు ఉంటే, అవే మీ కేసుకు అసలు బలహీనత. వకీలును కలిసేటప్పుడు ఈ కాగితం తీసుకెళ్తే సగం పని అయినట్టే.

'సాక్షులంతా బంధువులే' అని నమ్మలేదు. పొలంలో ఇంకెవరు ఉంటారు?

బంధువు కావడం ఒక్కటే నమ్మకపోవడానికి కారణం కాదు. దగ్గరి బంధువు అసలు హంతకుణ్ణి వదిలేసి వేరేవాణ్ణి ఇరికించడని 1953లో దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: పగ ఉన్నచోట, దోషితో పాటు గిట్టనివాడి పేరు కూడా కలిపేసే గుణం మనుషులకు ఉంటుంది. మొదటి సగాన్నే అప్పీలులో రాసి రెండో సగాన్ని దాచడం తెలివితక్కువ పని, జడ్జీలకు రెండూ తెలుసు.

ముఠా తగాదాల్లో సాక్షులు ముద్దాయిలకు గిట్టనివాళ్లే అయి ఉంటారని, వాళ్ల మాటను చాలా జాగ్రత్తగా జల్లెడ పట్టాలని 1947లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన కేసు మన తెలుగు గడ్డదే, గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు. జల్లెడ పట్టమన్నారు గానీ పారబోయమనలేదు.

కాబట్టి చూడాల్సింది సాక్షి అక్కడ ఉండటానికి సహజమైన కారణం ఉందా లేదా అన్నది. మామిడి తోటకు మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చిన భార్య అక్కడ ఉండటం సహజం. ఎనిమిది మైళ్ల అవతల కాపురమున్న బావమరిది సరిగ్గా ఆ పూట గట్టు మీద ఉన్నానంటే, ఎందుకొచ్చాడో రికార్డులో ఉండాలి. గాయపడిన సాక్షి మాటకు అన్నింటికంటే బరువెక్కువ, ఆ గాయమే అతను అక్కడున్నాడని చెబుతుంది. తీర్పు అతని గాయాల సర్టిఫికెట్ గురించి ఒక్క మాటా ఎత్తకుండా అతన్ని పక్కన పెట్టి ఉంటే, అప్పీలులో మొదటి కారణంగా దాన్నే రాయండి. ఇంతమంది సాక్షులు ఉండాలన్న లెక్క కూడా చట్టంలో లేదు, నమ్మదగినవాడు ఒక్కడైనా చాలు.

పదకొండు మందినీ వదిలేశారు. పదకొండు మంది మీదా వేయాలా?

వేయవచ్చు, కానీ ఆలోచించుకోండి. దాయాదుల కేసుల్లో చేతిలో కొడవలి ఉన్నవాళ్లు ముగ్గురైతే, ఫిర్యాదులో వాళ్ల తమ్ముళ్లు, కొడుకులు, పట్నంలో ఉద్యోగం చేసే అల్లుడు కూడా చేరిపోతారు. ఆ అల్లుడు ఆ రోజు ఆఫీసులో ఉన్నట్టు రుజువైతే, మిగతా ముగ్గురి మీద మీ మాటకూ విలువ తగ్గుతుంది. గుంపు దాడి కేసుల్లో ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒకేలా చెప్పినవారినే దోషులుగా తీసుకోవడం క్షేమమని 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ఒక కొలత పెట్టింది. మీ సాక్షుల మాటలకు ఆ కొలత మీరే ముందు పెట్టి చూడండి. ఏ-1, ఏ-2, ఏ-4 మీదే గట్టిగా నిలబడే సాక్ష్యం ఉంటే, వాళ్ల మీదే వాదన నిలపడం మా సలహా. కొందరి విషయంలో సాక్షి అతిగా చెప్పాడని మొత్తం సాక్ష్యం కొట్టేయాలన్న సూత్రం మన దేశంలో లేదు, గింజను పొట్టును వేరు చేయాల్సిందే.

ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యమైందని అనుమానించారు. ముందు ప్రాణం చూసుకోవద్దా?

చూసుకోవాలి, కోర్టులూ కాదనవు. ఆలస్యం తప్పు కాదు, వివరణ లేని ఆలస్యం తప్పు. అంతా కూర్చుని పేర్లు కూర్చుకున్నారేమో అన్నదే అక్కడి అనుమానం.

రెండు గడియారాలు చూడండి. ఘటన నుంచి ఎఫ్.ఐ.ఆర్. దాకా ఒకటి. ఎఫ్.ఐ.ఆర్. నుంచి మేజిస్ట్రేట్ చేతికి అందేదాకా ఇంకొకటి. ఎఫ్.ఐ.ఆర్. మీద మేజిస్ట్రేట్ తేదీ, టైము వేసి సంతకం చేస్తారు. రాత్రి 8 గంటలకు నమోదైందన్న ఎఫ్.ఐ.ఆర్. మర్నాడు మధ్యాహ్నం అందితే, నడుమ ఏం జరిగిందో కాగితం తీసుకెళ్లిన కానిస్టేబుల్ చేత చెప్పించారా లేదా అని చూడాలి.

చిత్తూరు వైపు కేసుల్లో ఇంకో చిక్కు ఉంది. గాయపడినవాణ్ణి చిత్తూరు ఆస్పత్రి నుంచి తిరుపతి రుయాకు కాకుండా వేలూరు తీసుకెళ్తారు. అది తమిళనాడు. అక్కడి ఆస్పత్రి సమాచారం ముందు అక్కడి పోలీసులకు పోయి, తర్వాత మన స్టేషన్‌కు వస్తుంది. ఆ ఆలస్యానికి మీరు బాధ్యులు కారు. అక్కడి డాక్టరు రాసిన యాక్సిడెంట్ రిజిస్టర్ కాపీ తెప్పించండి. తీసుకొచ్చినవారి పేరు, టైము అందులో ఉంటాయి. 'తెలిసినవాళ్లు కొట్టారు' అని మాత్రమే ఉండి పేర్లు లేకపోయినా కంగారు పడొద్దు, కొట్టినవారి పేర్లు రాయడం డాక్టరు పని కాదు. శవ పంచనామాలో ముద్దాయిల పేర్లు లేవన్న వాదనకూ జవాబుంది: చావు ఎలా జరిగినట్టు కనిపిస్తోందో తేల్చడానికే పంచనామా అని 1975లో పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే.

'పోలీసులకు ఇలా చెప్పలేదు' అంటూ సాక్షిని తప్పుబట్టారు. దానికేం చేయాలి?

ఇది తీర్పుల్లో తరచూ కనిపించే కారణం, తరచూ తప్పుగా వాడే కారణం కూడా. సాక్షి కోర్టులో చెప్పిన మాట పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలంలో లేదంటే, దాన్ని రుజువు చేసే పద్ధతి ఒకటుంది. ముందు సాక్షికి ఆ తేడా చూపించి అడగాలి. వాంగ్మూలంలో వేరేలా ఉంటే ఆ ముక్కను 'డి' మార్కుతో ఎగ్జిబిట్‌గా గుర్తించాలి. తర్వాత దర్యాప్తు అధికారిని బోనులో అడిగి, 'అవును, నాకు అలా చెప్పలేదు' అనిపించాలి. అధికారిని అడగకుండా వదిలేస్తే ఆ తేడా రుజువైనట్టు కాదు.

కాబట్టి సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ పేజీని, దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్ పేజీని పక్కపక్కన పెట్టి ఒక్కో తేడా చూడండి. అధికారిని అడగని తేడా మీద జడ్జి ఆధారపడి ఉంటే అది మంచి అప్పీలు పాయింటు. ఇక తేడా ఎంత పెద్దదన్నది ఇంకో ప్రశ్న. 'ఏ-2 కొడవలితో మెడ మీద నరికాడు' అన్నది వాంగ్మూలంలో లేకపోతే అది పెద్ద లోటే. 'చింతచెట్టు కింద' అన్న మాట లేకపోతే అది లోటు కాదు.

డాక్టరు సాక్ష్యం మా సాక్షులకు వ్యతిరేకంగా ఉందన్నారు.

పోస్టుమార్టం నివేదికలో గాయాల జాబితా తీసి, ఒక్కో గాయానికి ఎదురుగా ఏ సాక్షి ఏ ఆయుధం చెప్పాడో రాయండి. చాలా కేసుల్లో గొడవంతా తల గాయం దగ్గరే. సాక్షి 'కట్టెతో కొట్టాడు' అంటాడు. నివేదికలో 'కోసిన గాయం' అని ఉంటుంది. తీర్పులో 'పొసగలేదు' అని రాస్తారు. కానీ తల మీద చర్మం కిందే ఎముక ఉంటుంది. మొద్దు కట్టెతో కొట్టినా అక్కడి చర్మం బిగుతుకు సూటిగా చీలి, కత్తి గాటులా కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తే అంచులు నలిగి ఉంటాయి, వెంట్రుకల కుదుళ్లు చితికి ఉంటాయి, గాయం లోపల కండ పీచులు అడ్డంగా మిగిలి ఉంటాయి. ఈ సంగతి డాక్టరును అడిగారా? అడగకుండా పొసగలేదని తేల్చేశారా? అలాగే 'కొడవలి తిరగేసి కొట్టాడు' అని సాక్షి చెప్పిన మాటను తీర్పులో వదిలేశారేమో చూడండి.

డాక్టరు అభిప్రాయం, కళ్లారా చూసినవారి మాట రెండూ ఢీకొంటే మామూలుగా చూసినవారి మాటకే విలువ. డాక్టరు చెప్పినదాని ప్రకారం సాక్షి చెప్పింది అసాధ్యమైతేనే సాక్షి మాట పోతుంది.

మధ్యవర్తులు (ఆయుధం దొరికినప్పుడు సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లు) అడ్డం తిరిగారు. కొడవలి దొరికిన సంగతి కొట్టుకుపోయినట్టేనా?

కాదు. అడ్డం తిరిగిన సాక్షి మాటలో నమ్మదగిన భాగాన్ని వాడుకోవచ్చు. మధ్యవర్తుల నివేదిక మీద తన సంతకం తనదేనని ఒప్పుకున్నాడా అన్నది ముఖ్యం. ఆయుధం దొరికిన వైనం దర్యాప్తు అధికారి మాట ద్వారా కూడా రుజువు కావచ్చు. ముద్దాయి ఒప్పుకోలులో 'ఫలానా చోట దాచాను, చూపిస్తాను' అన్న ముక్క, దాంతో దొరికిన వస్తువు మాత్రమే పనికొస్తాయి. 'దీంతోనే చంపాను' అన్నది పనికిరాదు. ఈ గీత గీసింది కూడా పులుకూరి కొట్టయ్య కేసే. కళ్లారా చూసిన సాక్ష్యం గట్టిగా ఉంటే, ఆయుధం దొరక్కపోయినా కేసు పోదు.

వాళ్లకీ దెబ్బలు తగిలాయి, మా మీద కౌంటర్ కేసు ఉంది.

అప్పీలులో దీన్ని దాచకండి. ముద్దాయిల ఒంటి మీది పెద్ద గాయాలకు మీ సాక్షులు కారణం చెప్పకపోతే, అసలు జరిగింది దాచారన్న అనుమానం వస్తుంది. 1976లో లక్ష్మీసింగ్ కేసు నుంచి ఇది స్థిరపడిన మాట. గీరుడు దెబ్బలకు ఆ ఇబ్బంది లేదు. కేసు, కౌంటర్ కేసు రెండూ ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విని, ఒకే రోజు వేర్వేరుగా తీర్పు ఇవ్వాలి. ఒకదాని సాక్ష్యం ఇంకోదానిలో వాడకూడదు. అలా వాడినట్టు తీర్పులో కనిపిస్తే అదొక కారణమవుతుంది.

ఇప్పుడొక కొత్త సాక్షి దొరికాడు.

ఆశ పెట్టుకోకండి. పాత సెక్షన్ 391, కొత్త 432 కింద హైకోర్టు అదనపు సాక్ష్యం తీసుకోవచ్చు గానీ, కేసులోని చిల్లులు పూడ్చుకోవడానికి ఇవ్వదు. ల్యాబ్ నివేదిక వచ్చి కూడా ఎగ్జిబిట్‌గా గుర్తించడం మరిచిపోవడం లాంటి వాటికి కొంత అవకాశం ఉంటుంది. సాక్షులను బెదిరించి విచారణనే నాటకం చేశారని తేలితే పునర్విచారణకు పంపవచ్చు, 2004లో బెస్ట్ బేకరీ కేసులో అదే జరిగింది.

ఊళ్లో పెద్దమనుషులు రాజీకి పిలుస్తున్నారు.

హత్య కేసు రాజీ కుదుర్చుకునే కేసు కాదు. పొలం గట్టు సంగతి మాట్లాడుకోవచ్చు, అప్పీలును అమ్మడానికి కుదరదు. డబ్బు తీసుకున్న కాగితం రేపు కోర్టులో మీ మీదే బయటికొస్తుంది.

సాక్షులను బెదిరిస్తున్నారు. మళ్లీ జైలుకు పంపరా?

అప్పీలు తీసుకున్నాక హైకోర్టు వారెంటు ఇచ్చి ముద్దాయిని రప్పించి, జైలుకు పంపవచ్చు లేదా బెయిలు మీద ఉంచవచ్చు (పాత 390, కొత్త 431). ఎక్కువగా బాండు తీసుకుని వదిలేస్తారు. విచారణ ముగిసేముందు ముద్దాయిలు పైకోర్టుకు వస్తామని ఇచ్చే బాండు 6 నెలలే చెల్లుతుంది. అప్పీలు నోటీసు ఆ లోపు అందితే మనిషిని పట్టుకోవడం తేలిక. బెంగళూరుకో చెన్నైకో మకాం మార్చాక నోటీసు అందించడానికే ఏడాది పట్టవచ్చు.

బెదిరింపులుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద అర్జీ పెట్టండి. జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షుడిగా ఉన్న కమిటీ దాన్ని చూస్తుంది. ఎవరు, ఏ రోజు, ఏమన్నారో రాయండి. 'ప్రాణభయం ఉంది' అని మాత్రం రాసిన అర్జీకి పోలీసు నివేదికా అలాగే పొడిగా వస్తుంది.

ముద్దాయిల్లో ఎవరైనా చనిపోతే అతని మీద అప్పీలు అంతటితో ముగుస్తుంది. మిగతావారి మీద నడుస్తుంది.

విడుదల చేయలేదు గానీ హత్యను తగ్గించి చిన్న సెక్షన్ కింద శిక్ష వేశారు.

హత్యకు వర్తించే పాత ఐపీసీ 302 (కొత్త భారతీయ న్యాయ సంహితలో 103) పోయి 304 రెండో భాగం (హత్య కిందికి రాని నరహత్య) కింద శిక్ష పడితే బాధితులు అప్పీలు వేయవచ్చు. సెక్షన్ సరైనదే, శిక్ష మాత్రం తక్కువైందంటే ఆ అప్పీలు ప్రభుత్వమే వేయాలి.

మా దగ్గర డబ్బు లేదు.

ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. 15100కు ఫోన్ చేయండి, లేదా చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. హైకోర్టు కేసు కాబట్టి దాన్ని హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపమని అర్జీలోనే రాయండి.

కేసు కొట్టేసినా బాధితులకు పరిహారం ఇవ్వమని కోర్టు సిఫారసు చేయవచ్చు (పాత 357ఎ, కొత్త 396). తీర్పులో ఆ మాట లేకపోతే విడిగా అడగండి. దీనికీ అప్పీలుకూ పోటీ లేదు.

హైకోర్టు ఏం చేయవచ్చు? అక్కడా పోతే?

విడుదలను ఖాయం చేయవచ్చు, పునర్విచారణకు పంపవచ్చు, దోషులని తేల్చి శిక్ష వేయవచ్చు. హత్య అని తేలితే యావజ్జీవం కంటే తక్కువ వేయడానికి లేదు. అలా శిక్ష పడినవారికి సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు నేరుగా ఉంటుంది. మీకు వ్యతిరేకంగా వస్తే మీరు 90 రోజుల్లో ప్రత్యేక అనుమతి పిటిషన్ వేయవచ్చు. అప్పీలుకు బదులు రివిజన్ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రివిజన్‌లో విడుదలను శిక్షగా మార్చే అధికారం హైకోర్టుకు లేదు.

తీర్పు చివర 'వస్తువులను ధ్వంసం చేయాలి' అని ఉంది. అదేంటి?

రక్తపు చొక్కా, కొడవలి, కట్టెలకు ఎం.ఓ. (సాక్ష్యంగా పెట్టిన వస్తువు) నంబర్లు ఇచ్చి కోర్టు దగ్గర ఉంచుతారు. అప్పీలు గడువు దాటాక వాటిని ధ్వంసం చేయమని తీర్పు చివరి పేరాలో రాస్తారు. అప్పీలు దాఖలైన రోజే దాని నంబరు, లేదా ఫైలింగ్ రశీదు కాపీ జత చేసి, వస్తువులను ఉంచమని సెషన్స్ కోర్టులో మెమో ఇవ్వండి. అప్పీలు ఇంకా సిద్ధం కాకపోతే, వేయబోతున్నామని చెబుతూ గడువు ముగిసేలోపే ఆ మెమో ఇవ్వండి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.